అది ముసలిదైపోయింది సార్

ఆ రోజు ఎలాగైనా అడిగేయాలని బొమ్మలాయన పొద్దున్న లేస్తూనే తీర్మానించుకున్నాడు. గడ్డం గీసుకుంటూ ఒకసారి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఇంకోసారి అడగవలసిన మాటలు వల్లె వేసుకున్నాడు. అన్నం డబ్బా చేతికిస్తున్న భార్య అతని పెదవులు కదలడం చూసింది.

"ఇవాళైనా అడుగుతావా?"

"అడుగుతా."

"పోయిన వారం కూడా ఇదే మాట."

"పోయిన వారం ఆయన మూడ్ బాగాలేదు."

"ఆయన మూడ్ బాగయ్యేసరికి పిల్ల నిన్ను అంకుల్ అని పిలుస్తుంది," అందామె, డబ్బా మూత ఇంకోసారి నొక్కి చూస్తూ.

ఆ మాట గుచ్చుకుంది. మరీ అబద్ధం కాదు కాబట్టి గట్టిగానే గుచ్చుకుంది.

బొమ్మలాయన పనిచేసేది వంటింటి అల్మారాలు, బట్టల బీరువాలు చేసి బిగించే ఒక షాపులో. చెక్క మీద రంపం పెట్టకముందే, కొనేవాళ్ళకి తమ ఇల్లు ఎలా ఉండబోతోందో కంప్యూటర్లో బొమ్మ చేసి చూపించాలి. అందుకే ఆ పేరు. గీయడం పెద్ద పనేం కాదు. గీసినదానికి వెలుగూ నీడా అద్ది, ఫొటో తీసినట్టు తయారుచేయడమే పని, అది చేయవలసింది కంప్యూటర్. అక్కడే వచ్చింది చిక్కు. చేయమని చెప్పగానే గుర్రుమని మొదలుపెట్టేది. అతను టీ తాగి వచ్చేసరికి గోడలో ఓ మూల కనిపించేది. భోంచేసి వచ్చేసరికి అల్మారాకి తలుపు మొలిచేది. మొత్తం పూర్తయ్యేసరికి పొద్దు వాలేది. అప్పుడు కొనేవాళ్ళు ఫోన్ చేసి, "చాలా బాగుందండీ, ఇదే ఆకుపచ్చలో ఒకసారి చూపిస్తారా?" అనేవారు. కథ మళ్ళీ మొదటికి వచ్చేది. అతను ఇల్లు చేరేసరికి కూతురు ఎప్పుడో నిద్రపోయి ఉండేది.

దీనికి మందు బావమరిది చెప్పాడు. "కంప్యూటర్ లోపల ప్రాసెసర్ అని ఉంటుంది బావా, అసలు బుర్ర అదే. అది మారిస్తే చాలు," అన్నాడు. అప్పటినుంచి వచ్చిన ప్రతి ఆదివారం ఇద్దరూ ప్రాసెసర్ల వేటలో పడ్డారు. పెళ్ళిచూపులకి కూడా అతను అంతమందిని చూడలేదు. ఖరీదైనవి ఫొటోలో చూసి దండం పెట్టుకోవలసినవే. చవకవాటిలో రెండు రకాలు తేలాయి. ఒక రకానికి కంపెనీవాళ్ళే వేగానికి తాళం వేసి పంపుతారు. ఎంత బతిమాలినా ఒక్క అడుగు ఎక్కువ వేయదు. రెండో రకానికి తాళం ఉండదు. సెట్టింగులు మార్చి, పెట్టెమీద రాసిన వేగం కంటే ఎక్కువ లాగించవచ్చు. దాన్నే ఓవర్‌క్లాక్ చేయడం అంటారని బావమరిది చెప్పాడు. తనను షాపులో లాగిస్తున్నది కూడా అలాగే కాబట్టి బొమ్మలాయనకి సంగతి వెంటనే బోధపడింది.

"కాకపోతే వేడెక్కుతుంది బావా. కంపెనీ ఇచ్చే బుల్లి ఫ్యాను చాలదు, పెద్దది వేయాలి. కింద బోర్డు కూడా దానికి ఒప్పుకునేదే ఉండాలి."

"అవన్నీ కలిపినా ఖరీదైనదానికంటే తక్కువేగా?"

"తక్కువే. చూసి కొంటే."

చూశాడు. చూసి చూసి ఒకటి ఖాయం చేసుకున్నాడు. ఇక యజమానిని అడగడమే మిగిలింది.

యజమాని గదికి గోడల్లేవు. కప్పు దాకా పోని ప్లైవుడ్ అడ్డు ఒకటి ఉంది. కొనేవాళ్ళకి చూపించడానికి దానికి ఒకవైపు రకరకాల రంగురేకులు అంటించారు. అడ్డుకి అవతలివైపు అక్క బల్ల. అక్క ఆ షాపుకి ఏమవుతుందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. లెక్కలు చూస్తుంది, ఫోన్లెత్తుతుంది, తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి, డబ్బు కదలాలంటే ఆవిడ సంతకం పడాలి. కోపంతో వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి చల్లబరిచేదీ ఆవిడే. వడ్రంగి మేస్త్రీకి అక్క, యజమానికి అక్క, కొనడానికి వచ్చిన పెద్దవాళ్ళకీ అక్కే.

బొమ్మలాయన లోపలికి వెళ్ళేసరికి యజమాని కొత్త రకం సొరుగు ఒకటి ముందు పెట్టుకుని లాగుతూ తోస్తూ ఉన్నాడు.

"సార్, నా కంప్యూటర్లో ప్రాసెసర్ గురించి ఒక మాట."

సరిగ్గా అప్పుడే సొరుగు కీచుమంది. ఆ మాట దగ్గరున్న యజమానికి వినిపించింది. అడ్డుకి అవతల వినిపించలేదు.

"ఊఁ. ఏమైంది దానికి?"

"అది ముసలిదైపోయింది సార్. ఒక పని చెప్తే పూటంతా చేస్తుంది. రెండు చెప్తే బిగుసుకుపోతుంది."

"మొదట్లో బాగానే చేసేదిగా?"

"మొదట్లో చేసేది సార్. ఇప్పుడు ఊరికే వేడెక్కుతుంది, మూలుగుతుంది."

"మూలగడం నేనూ విన్నాను," అన్నాడు యజమాని.

అడ్డుకి అవతల కాలిక్యులేటర్ మీటల చప్పుడు ఆగిపోయింది. బొమ్మలాయనకి అది వినిపించింది కానీ ఏమీ తట్టలేదు. వల్లె వేసుకున్న మాటలు వరసగా వస్తున్నాయి, వాటిని పోగొట్టుకోకూడదన్నదే అతని ధ్యాస.

"అయితే కొత్తది తెద్దామంటావా?"

"చవకలో ఒకటి చూసి పెట్టాను సార్. మా బావమరిది చూపించాడు. చూడ్డానికి చిన్నదే గానీ గట్టిది. వాళ్ళు చెప్పినదానికంటే ఎక్కువే పని లాగొచ్చు. కాస్త వేడి మనిషి... అదే, వేడి రకం. పక్కన పెద్ద ఫ్యాను పెడితే నోరెత్తదు."

"ఎక్కువ లాగితే పడిపోదూ?"

"పడిపోతే మళ్ళీ లేపుతాం సార్. మెల్లమెల్లగా పెంచుకుంటూ పోయి, ఎంత తట్టుకుంటుందో అక్కడ ఆపేయాలి."

"మరి పాతదాన్ని ఏం చేద్దాం?"

"ఎవరైనా అడిగితే ఇచ్చేద్దాం. లేకపోతే తుక్కే."

"సరే, సాయంత్రం మాట్లాడదాం. ముందు ఆ పళ్ళ డాక్టరమ్మ బొమ్మ సంగతి చూడు," అని యజమాని సొరుగు చంకన పెట్టుకుని, ఎక్కడో అల్మారాలు బిగిస్తుంటే చూడ్డానికి వెళ్ళిపోయాడు.

ఇంత తేలిగ్గా అయిపోతుందని బొమ్మలాయన అనుకోలేదు. తేలిగ్గా అయ్యే పనులు తన జాతకంలో లేవన్న సంగతి ఆ కాసేపు మరిచిపోయాడు. డాక్టరమ్మ ఆస్పత్రి బొమ్మకి కంప్యూటర్ని పురమాయించి, నీళ్ళ సీసా నింపుకోవడానికి అక్క బల్ల పక్కనుంచి వెళ్ళాడు.

"చవకదటగా," అంది అక్క, తల ఎత్తకుండా.

యజమాని అప్పుడే చెప్పేశాడు కాబోలనుకున్నాడతను. డబ్బు పంపేది ఆవిడేగా. "అవునక్కా. ఆ రేటుకి అంత పని చేసేది ఇంకెక్కడా దొరకదు."

"పాతదానికి ఏం రోగం?"

"రోగం ఏముందక్కా, వయసు. మనకీ జాలిగానే ఉంటుంది. కానీ పని జరగాలిగా."

"ఎప్పుడొస్తుంది?"

"మీరు సంతకం పెడితే ఎల్లుండే వస్తుంది."

"నేనే పెట్టాలా?"

"మీరు కాక ఇంకెవరు పెడతారక్కా?"

అక్క కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. "నువ్వు ఈ షాపుకొచ్చిన మొదటిరోజు నీకు కుర్చీ లేకపోతే నాది నీకిచ్చి నేను స్టూలు మీద కూర్చున్నాను," అంది.

ఆ మాట ఇప్పుడెందుకు వచ్చిందో అతనికి అర్థం కాలేదు. "అవునక్కా," అని సీసా నింపుకుని వచ్చేశాడు. తెలిసి తొక్కినా తెలియక తొక్కినా నిప్పు కాలుతుంది. అతని కాలు అప్పటికే కాలింది, మంట తెలియడానికి కాస్త వ్యవధి పట్టింది, అంతే.

ఫోన్ మోగింది. "రేపటినుంచి ఆ సంగతి నన్నడక్కండి. కొత్తదొస్తుంది, దాన్నడగండి," అని అక్క పెట్టేసింది. మళ్ళీ మోగింది. మళ్ళీ అదే జవాబు. అక్క మాటని నమ్ముకుని బయానా ఇచ్చినవాళ్ళు ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు. అక్క మానేస్తోందట అన్న మాట ఒక చెవి దాటేసరికి షాపు చేతులు మారుతోందట అయింది. ఇంకో చెవి దాటేసరికి మూసేస్తున్నారట అయింది.

ఈలోగా చెక్కముక్కలు పట్టుకెళ్ళే తుక్కు వ్యాపారి అలవాటు ప్రకారం తక్కెడతో వచ్చాడు. "ఏమైనా ఉందా అక్కా?" అని అడిగాడు.

"ఉంది. నన్ను కూడా తీసుకుపో. ఈ ఆఫీసులో పాతదంతా తుక్కేనట," అంది అక్క.

అతను వ్యాపారస్తుడు. మాటలో బాధ వినడం అతని పని కాదు, సరుకు వినడమే పని. గుమ్మం దగ్గరున్న ఇనప కుర్చీని తక్కెడకి తగిలించి, మిగతా సామాను సంగతి కనుక్కుందామని వెనక పనిశాలలోకి వెళ్ళాడు. మేస్త్రీ చేతిలో రంపం ఆగింది. చేతులు దులుపుకుని తిన్నగా బొమ్మలాయన దగ్గరికి వచ్చాడు.

"ఏం బొమ్మలూ, పాత సరుకంతా మార్చేస్తున్నారటగా?"

బొమ్మలాయన తెర వైపు చూస్తూనే జవాబిచ్చాడు. ఆస్పత్రిలో ఒక గోడ పూర్తయింది, రెండోది మొదలైంది. "అంతా ఒకేసారి ఎక్కడ మేస్త్రీ? ముందు ఆఫీసులోది. అది బాగా చేస్తే తర్వాత మీవైపు చూస్తారు."

"మావైపు చూస్తారా?"

"చూడాలిగా మరి. మీ దగ్గరున్నవి మాత్రం తక్కువ ముసలివా? ఒక్కోటి కదలడానికే పొద్దెక్కుతుంది. కాస్త పని చెప్తే పొగలు కక్కుతాయి."

అతను అన్నది పనిశాలలో చెక్క కోసే యంత్రాల గురించి. దురదృష్టవశాత్తూ ఆ మాట మేస్త్రీ కింద పనిచేసేవాళ్ళకి కూడా అతికినట్టు సరిపోయింది. వాళ్ళు పని మొదలుపెట్టేసరికి పొద్దెక్కుతుందన్నది నిజం. గంటకోసారి బీడీలకి బయటికి పోతారన్నదీ నిజం. మేస్త్రీ మొహం కందగడ్డ అయింది. "ఈ వయసులో నీ నోటితో ఇది వినాల్సొచ్చింది," అని వెళ్ళిపోయాడు. బొమ్మలాయన తల గోక్కుని మళ్ళీ తెర వైపు తిరిగాడు.

బొమ్మ చివరికొచ్చింది. కుర్చీ మెరుస్తోంది, గాజు తలుపుల్లో కిటికీ వెలుగు పడుతోంది, ఇంకొక్క మూల మాత్రం బూడిదరంగులో మిగిలింది. ఆ మూల కూడా నెమ్మదిగా తేలుతోంది. ఇవాళ త్వరగా వెళ్ళొచ్చేమోనని బొమ్మలాయన మనసులో అనుకున్నాడో లేదో, వెనకనుంచి మేస్త్రీ గొంతు వినిపించింది. "ఆపండిరా అన్నీ. ముసలివాళ్ళం, మనకెందుకు పని?"

అన్నీ ఆపడానికి దగ్గరి దారి మెయిన్ స్విచ్. పనిశాలకీ ఆఫీసుకీ కలిపి ఉన్నది ఒక్కటే.

తెర నల్లబడింది. గుర్రుమనడం ఆగింది. నల్లటి తెరలో బొమ్మలాయనకి తన మొహమే కనిపించింది. పొద్దున్న గీసుకున్న గడ్డం అప్పుడే మాసినట్టుంది. అతనికి కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి. అలాగే కూర్చుని, ఇంటికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పాలా, చెప్పకపోయినా వాళ్ళకి తెలుసు కదా అని ఆలోచించాడు.

యజమాని సొరుగుతో తిరిగి వచ్చేసరికి షాపు చీకటిగా ఉంది. గుమ్మంలో ఆఫీసు ఇనప కుర్చీ తక్కెడకి వేలాడుతోంది. మేస్త్రీ మనుషులు గోడకానుకుని వరసగా నిలబడి ఉన్నారు. షాపు మూసేస్తున్నారని విని వచ్చిన పళ్ళ డాక్టరమ్మ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"నా అల్మారాలు చేస్తున్నారా, తుక్కులో వేస్తున్నారా? అది తేల్చండి ముందు," అందావిడ.

"తుక్కేమిటండీ?" అన్నాడు యజమాని.

అక్క లేచి వచ్చి తాళాల గుత్తి బల్లమీద పెట్టింది. ఆ గుత్తి అక్క చేతిలో లేకుండా ఎలా ఉంటుందో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. యజమాని దాన్ని ముట్టుకోవడానికి కూడా భయపడ్డాడు.

"ఏమైందక్కా? ఎవరేమన్నారు?"

"మీరిద్దరూ సార్. పొద్దున్న. ముసలిదన్నారు, పడ్డాను. మూలుగుతుందన్నారు, మోకాళ్ళ నొప్పులు, నిజమే. చవకలో కొత్తది చూసుకున్నారు, అదీ మీ ఇష్టం. కానీ 'అది' అన్నారు. ఆవిడ అనలేదు, అక్క అనలేదు. అది." అక్క తాళాల గుత్తిని ఇంకాస్త ముందుకి తోసింది. "పాతదాన్ని ఎవరైనా అడిగితే ఇచ్చేస్తారట. లేకపోతే తుక్కట."

"అక్కా, అది... అది అంటే..." అని యజమాని అక్కడే ఆగిపోయాడు. ఎంత వెతికినా ఆయనకి ఇంకో మాట దొరకలేదు.

అందరూ బొమ్మలాయన వైపు చూశారు. పొద్దున్నుంచి తానన్న మాటలు ఒక్కొక్కటే అతనికి గుర్తొచ్చాయి. నోరెత్తదు. పడిపోతే లేపుతాం. జాలిగానే ఉంటుంది కానీ పని జరగాలి. మీరే సంతకం పెట్టాలి. ఒక్కో మాటకీ అతని తల కాస్త కాస్త దిగింది.

"అది అంటే ప్రాసెసర్ అక్కా," అన్నాడు.

"మనకి ప్రొఫెసర్ ఎందుకు?" అన్నాడు మేస్త్రీ అనుమానంగా.

చెప్తే లాభం లేదని బొమ్మలాయన కంప్యూటర్ పెట్టె తెచ్చి బల్లమీద పెట్టి మూత విప్పాడు. మేస్త్రీ టార్చి పట్టుకున్నాడు. లోపల దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది. ఫ్యాను విప్పి, దాని కింద వేడి లాగడానికి పూసి, ఎండి అంటుకుపోయిన పాత పేస్టు తుడిచి, రెండు వేళ్ళ వెడల్పున్న నలుచదరపు రేకు ఒకటి తీసి అక్క అరచేతిలో పెట్టాడు.

"ఇదక్కా ముసలిది."

అక్క దాన్ని టార్చి వెలుగులో చాలాసేపు చూసింది. మిగతావాళ్ళు మెడలు చాచి చూశారు. ఇంత చిన్నదానికోసమా ఇంత గొడవ అని ఎవరూ అనలేదు కానీ, మేస్త్రీ మాత్రం వెళ్ళి మెయిన్ స్విచ్ వేసి వచ్చాడు.

"ఇన్నాళ్ళూ ఇంత పనీ చేస్తున్నది ఇదొక్కటేనా?" అంది అక్క.

"అవునక్కా."

"మధ్యలో ఆపుతారా?"

"ఆపితే బొమ్మ పోతుందిగా. నేనున్నంతసేపూ అదీ చేస్తూనే ఉంటుంది."

"ఒంటిమీద ఈ దుమ్మంతా పెట్టుకునా?"

బొమ్మలాయన పెట్టెలోకి వంగి ఉఫ్‌మని ఊదాడు.

యజమాని గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "పోనీలే, అపార్థం తీరింది. అక్కా, ఇక మీరొక సంతకం పడేస్తే కొత్తది తెప్పించుకుంటాడు పాపం."

"పెట్టను," అంది అక్క.

గదిలో అందరికంటే ఎక్కువ ఉలిక్కిపడింది బొమ్మలాయన.

"ఇన్నేళ్ళు నోరు మెదపకుండా చేసింది. ఇవాళ కాస్త నెమ్మదించిందని తుక్కులో వేస్తామంటే నా చేత్తో నేను సంతకం పెట్టలేను. నెమ్మదిగా చేస్తే చేయనీ. వయసొచ్చాక ఎవరైనా అంతే. ఆ కొత్తదాన్ని కూడా తెచ్చిన రోజునుంచే పడిపోయేదాకా లాగిస్తారట. అదేం న్యాయం?"

"అక్క చెప్పింది న్యాయం," అన్నాడు మేస్త్రీ. గోడకానుకున్నవాళ్ళు తలలూపారు.

"కదిలే పన్నునైనా మేం వెంటనే పీకం. ముందు శుభ్రం చేసి చూస్తాం," అంది డాక్టరమ్మ.

"దానికి కొత్త పేస్టు కూడా రాయాలండీ," అన్నాడు బొమ్మలాయన నీరసంగా. డాక్టరమ్మ అతని వైపు మొదటిసారి గౌరవంగా చూసింది.

బొమ్మలాయన యజమాని కళ్ళలోకి ఆశగా చూశాడు. యజమాని కళ్ళు తాళాల గుత్తి మీద ఉన్నాయి. అక్క లేకుండా ఒక్క పూట గడిస్తే ఆఫీసు కుర్చీ తక్కెడెక్కింది. రెండు పూటలు గడిస్తే దాంట్లో తనే ఉంటాడేమో.

"అక్క ఎలా చెప్తే అలాగే," అన్నాడాయన.

అక్క గుత్తి తీసుకుంది. కుర్చీని దించమని తుక్కు వ్యాపారితో చెప్పింది. డాక్టరమ్మతో, "పళ్ళ ఆస్పత్రికి తెలుపు కాక ఇంకేం వేస్తారమ్మా? దీనికి బొమ్మ కూడా ఎందుకు?" అంది. డాక్టరమ్మ మేస్త్రీ తెచ్చిన తెల్ల రేకు ముక్కని గోటితో గీకి చూసుకుని సరేనని వెళ్ళిపోయింది. పొద్దుటినుంచి తాను కాచుకు కూర్చున్న బొమ్మ అసలు అక్కరే లేదని బొమ్మలాయనకి అలా తెలిసింది.

మర్నాటినుంచి ముసలిదాని బాధ్యత అక్క తీసుకుంది. రోజుకి ఒక్క బొమ్మ, అంతకు మించి చెప్పడానికి వీల్లేదు. మధ్యాహ్నం దాన్ని కాసేపు ఊరికే ఉంచాలి. సాయంత్రం ఐదు కాగానే ఆవిడే వచ్చి పక్కన నిలబడుతుంది, అతను ఆపేదాకా కదలదు. ఆకుపచ్చలో చూపిస్తారా అని ఎవరైనా ఫోన్ చేస్తే, "ఇవాళ్టికి దాని పనైపోయిందండీ, రేపు చేయండి," అని పెట్టేస్తుంది. మొదట్లో కొనేవాళ్ళు సణిగారు. తర్వాత మొదటిసారి చూపిన రంగే బాగుందని ఒప్పుకోవడం నేర్చుకున్నారు. యజమాని ఒకసారి ఏదో అనబోయి, గుత్తి చప్పుడు విని సొరుగు వైపు తిరిగాడు.

వెలుగుండగా ఇల్లు చేరిన మొదటిరోజు భార్య తలుపు తీసి, "ఉద్యోగం పోయిందా?" అని అడిగింది. అతను లోపలికి వచ్చి చెప్పులు విడుస్తూ జరిగిందంతా చెప్పాడు. ఆమె సగం నమ్మింది. కూతురు హోంవర్కు తెచ్చి ఒళ్ళో పడేసింది. ఆ లెక్కలు షాపులో పని కంటే కష్టంగా ఉన్నాయని అతనికి అనిపించింది కానీ, ఏమీ అనకుండా పెన్సిలు చెక్కుకున్నాడు.

ఆ వారం చివర్లో బావమరిది ఫోన్ చేశాడు. "ఏమైంది బావా, ఓవర్‌క్లాక్ చేశావా? చివరికి ఎంతవరకు లాగింది?"

"ఐదింటి వరకు," అన్నాడు బొమ్మలాయన.